పార్కులో ఓపెన్ జిమ్ పెట్టిస్తున్నాం, ఏ మెషిన్లు మంచివి?

కాలనీ సెక్రటరీ · ఆదివారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారమండీ. మాది గోదావరి గట్టున ఒక మున్సిపాలిటీ. ఊరి పేరు చెప్పను. చెబితే రేపు సాయంత్రానికల్లా ఈ పేజీ ప్రింటు మా కౌన్సిలర్ గారి చేతిలో ఉంటుంది. ఈ ఏడాది మా కాలనీ సంఘానికి నేను సెక్రటరీని. ఎవరూ ముందుకు రాకపోతే, మీటింగుకి ఆలస్యంగా వచ్చినవాడి నెత్తిన వేశారు.

మాకు అరెకరం పార్కు ఉంది. చుట్టూ సిమెంటు బాట, మధ్యలో గడ్డి, ఒక మూల రెండు ఉయ్యాలలు (ఒకటి విరిగింది). వార్డు నిధుల్లోంచి 5 లక్షలతో ఓపెన్ జిమ్ పెట్టిస్తామన్నారు. పది మెషిన్లు వస్తాయట. కాలనీలో ఇంటికొక షుగర్ పేషెంటు ఉన్నారు, మా అమ్మతో కలిపి. పిల్లలేమో బడి నుంచి రాగానే ఫోను పట్టుకుని మంచమెక్కుతున్నారు. ఎలాగైనా నలుగురినీ బయటికి రప్పించాలని నా ఆరాటం. మీ ఊళ్లలో వాడినవాళ్లుంటే ఏవి పనికొస్తాయో, ఏవి తుప్పు పట్టి పోతాయో చెప్పండి.

సందు క్రికెట్ · 8:24

మధ్యలో గడ్డి ఉందన్నావే, అక్కడేనా అన్నా పెట్టేది? పాపం ఆ పిల్లలు.

కాలనీ సెక్రటరీ · 8:31

అక్కడ ఎలాగూ ఆడనివ్వం. బోర్డు ఉంది.

సందు క్రికెట్ · 8:33

బోర్డు మీద ఏముందో ఉన్నదున్నట్టు టైప్ చెయ్యన్నా.

కాలనీ సెక్రటరీ · 8:52

వెళ్లి చూసొచ్చాను. "బంతి ఆటలు నిషేధం. సైకిళ్లు నిషేధం. గడ్డి మీద కూర్చోరాదు. చెట్లు ఎక్కరాదు. తినుబండారాలు తేరాదు. పార్కు వేళలు ఉదయం 5:30 నుంచి 9, సాయంత్రం 4:30 నుంచి 7." కింద దాత గారి పేరు. అది మాత్రం పెద్దక్షరాల్లో.

సందు క్రికెట్ · 8:54

పిల్లలు కదలకూడని పార్కు పెట్టుకుని, పిల్లలు కదలడం లేదని మీటింగు పెట్టారన్నమాట.

ఫిజియో మేడం · 10:05

ఇరవై ఏళ్లుగా మోకాళ్లు, నడుములు చూస్తున్నదాన్ని కాబట్టి ముందు మెషిన్ల సంగతి. వీటిలో చాలావాటికి బరువు పెంచుకోవడం, తగ్గించుకోవడం కుదరదు. మన ఒంటి బరువే వాటికి బరువు. పాతికేళ్ల కుర్రాడికి అవి ఆటబొమ్మలు, డెబ్బై ఏళ్ల ఆవిడకి కొన్ని ప్రమాదం. నిలబడి నడుం తిప్పే గుండ్రటి పళ్లెం ఉంటుంది చూడండి, నడుంనొప్పి ఉన్నవాళ్లే ముందు దాని మీదికి ఎక్కుతారు, నొప్పి పోతుందని. వారం తిరక్కుండా మా దగ్గర తేలతారు. ఊగుతూ నడిచే మెషిన్ ఇంకోటి, సరిగ్గా దిగబోయే సమయానికి వెనక్కొచ్చి పిక్క మీద తంతుంది. కొనక తప్పదంటే కూర్చుని కాళ్లతో తోసేది, చేతులతో తిప్పే చక్రం, పట్టుకుని నిలబడే కడ్డీలు తీసుకోండి. మూడు నాలుగు చాలు.

ఇంకో మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు అన్నారు. 2010 నాటి సూచనల్లో ఒక్కో విడత కనీసం 10 నిమిషాలు ఉంటేనే లెక్క. 2020లో ఆ షరతు ఎత్తేశారు. చాలామందికి ఇది తెలీదు, గంట కుదరదు కాబట్టి అసలే మానేస్తారు. కొత్తిమీర కట్ట కోసం సందు చివరికి నడిచినా, మేడ మెట్లెక్కినా, మనవణ్ణి బడి దగ్గర దింపి వచ్చినా అంతా లెక్కలోకే వస్తుంది. మీ అమ్మగారు మెషిన్ ఎక్కక్కర్లేదండీ. ఇంటి నుంచి పార్కుకి నడిచి రాగలరా?

కాలనీ సెక్రటరీ · 10:40

రాలేదండీ. మోకాళ్లు. వందడుగులు వేస్తే కాసేపు కూర్చోవాలంటుంది. మా ఇంటి నుంచి పార్కు నాలుగొందల మీటర్లు, మధ్యలో కూర్చోడానికి చోటే లేదు. నా చిన్నప్పుడు ప్రతి ఇంటి ముందూ అరుగుండేది. ఇప్పుడన్నీ కాంపౌండు గోడలు, వాటి మీద గాజుపెంకులు. ఇంటి ముందు ర్యాంపు వేసి బయటికి లాగినవాళ్లు కొందరు (మా ఇంటిది కూడా అంతే, ఒప్పుకుంటున్నాను). అందుకని అమ్మని స్కూటర్ మీద పార్కుకి తీసుకెళ్లి, అక్కడ రెండు చుట్లు నడిపించి, మళ్లీ స్కూటర్ మీద తెస్తున్నాను.

ఫ్రిస్కో నుంచి · 11:15

నవ్వొచ్చిందండీ, టెక్సస్‌లో మా అందరి బతుకూ అదే. కారేసుకుని పార్కుకి వెళ్లడం, రెండు మైళ్లు నడవడం, కారేసుకుని రావడం. నడకబాటలు బ్రహ్మాండంగా ఉంటాయి, పాలకి మాత్రం కారు తీయాల్సిందే. మా అత్తగారు ఊళ్లో రోజూ రైతుబజారుకి నడిచి వెళ్లి, గీచి గీచి బేరమాడి, సంచీ మోసుకొచ్చే మనిషి. ఇక్కడ ఆర్నెల్లున్నారు. "నడవడానికి దారుందమ్మా, వెళ్లడానికే ఏమీ లేదు" అనేవారు. వెనక్కి వెళ్లేసరికి ఆవిడ షుగర్ పెరిగింది.

పొలం గట్టు · 11:32

అందరూ ఏసీల్లో కూర్చుని చేసుకునే చర్చలాగుంది. మీ పార్కు ఊడ్చే మనిషి రోజుకెన్ని కిలోమీటర్లు నడుస్తుందో లెక్కేశారా? మా నాన్నకి డెబ్బై, ఇప్పటికీ మడిలో దిగుతాడు. ఆయనకి వాకింగంటే ఏంటో తెలీదు. పని చేసుకుంటే ఈ గోలంతా ఉండదు.

ఫిజియో మేడం · 12:01

గట్టు గారూ, సగం ఒప్పుకుంటాను. పొలం పనీ శ్రమ కిందే లెక్క, ఎవరూ కాదనరు. కానీ నాట్లేసే ఆడవాళ్ల నడుములు కూడా నేనే చూస్తాను. రోజంతా ఒంగి చేసిన పనికీ, చేతులూపుకుంటూ నిటారుగా నడిచిన అరగంటకీ తేడా వాళ్ల వెన్నుకి తెలుసు. వాళ్లకి కావలసింది ఇంకొంచెం కదలిక కాదు, కాస్త నడుం వాల్చే చోటు.

నైట్ డ్యూటీ · 1:20

నేను నర్సుని. నా డ్యూటీ సాయంత్రం 7కి అయిపోతే అదృష్టం. మీ పార్కు 7కి మూసేస్తారు. ఉదయం 5:30కి తెరుస్తారు, ఆ టైముకి నేను క్యారేజీలు కడుతుంటాను. ఆ వేళలు ఎవరి కోసం సార్? పెన్షన్ వచ్చే మగవాళ్ల కోసం. వాళ్ల మీద నాకేం కోపం లేదు, కానీ మీరు "జనం" అన్నప్పుడు నేనందులో లేను.

2024లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం మా క్లాసులో చెప్పారు. 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది చాలినంత కదలడం లేదు. విడదీస్తే మగవాళ్లు 42 శాతం, ఆడవాళ్లు 57 శాతం. ఆడవాళ్లకి బద్ధకం ఎక్కువనా? మా వీధిలో మూడు లైట్లు వెలగవు. పార్కు వెనక గేటు దగ్గర సీసాలు. బాత్రూం ఉంది, దానికి తాళం. రాత్రి 8:30కి నేను మా మేడ మీదే నడుస్తాను, ఇటు చివర నుంచి అటు చివరికి ముప్పై ఒక్క అడుగులు. బోనులో పులిలాగా.

బీచ్ రోడ్డు · 1:48

మా విశాఖలో ఆర్కే బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున కొన్ని గంటలు బండ్లు రానివ్వరు. ఒక మెషిన్ లేదు, ఒక టికెట్టు లేదు. బారికేడ్లు అడ్డం పెడతారు, అంతే. వచ్చేవాళ్లని చూడాలి మీరు. స్కేటింగ్ పిల్లలు, చీర మీద స్పోర్ట్స్ షూ వేసుకున్న పెద్దావిడలు, కురుసుర జలాంతర్గామి ముందు చప్పట్లు కొడుతూ పగలబడి నవ్వే లాఫింగ్ క్లబ్బు వాళ్లు. బండ్లు మొదలయ్యే టైముకి ఆ జనమంతా ఫుట్‌పాత్ మీదికి ఎక్కుతారు, అదే మనుషులు, ఒక్కసారిగా ఇరుకైపోతారు. రోడ్డు ఎంత వెడల్పో అప్పుడు తెలుస్తుంది.

సందు క్రికెట్ · 2:02

హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద కూడా 2021 ఆగస్టులో ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపడం మొదలెట్టారు. మొదట్లో మస్తు నడిచినం. తర్వాత తిండి స్టాళ్ల దగ్గరే జనం. మిర్చీ బజ్జీకి లైన్‌లో నిలబడటం కూడా వ్యాయామమేనా మేడం?

ఫిజియో మేడం · 2:10

లైను కదిలితే అవును.

బీచ్ రోడ్డు · 2:25

ఇదేం మన కనిపెట్టుడు కాదు. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచీ చేస్తున్నారు. ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా వంద కిలోమీటర్లకి పైగా రోడ్లు నడిచేవాళ్లకీ, సైకిళ్లకీ వదిలేస్తారు. దారి పొడుగునా పార్కుల్లో ఉచితంగా డాన్సు వ్యాయామం నేర్పేవాళ్లుంటారు. గురుగ్రామ్‌లో 2013 నవంబర్‌లో మొదలైన రాహ్‌గిరి దాన్ని చూసి పెట్టిందే. బొగోటా సంగతిలో నాకు నచ్చింది ఒకటే, ఇన్నేళ్లుగా వారం వారం పట్టు వదలకపోవడం. మనవాళ్లు ఒక ఆదివారం జెండా ఊపి ఫోటో దిగుతారు, మూడో ఆదివారానికి బారికేడ్లు స్టేషన్‌కి వెళ్లిపోతాయి.

మెట్లదారి · 4:40

తిరుపతి నుంచి. ఇంతసేపూ చదివాను. మా ఊళ్లో రోజూ వేలమంది అలిపిరి దగ్గర మొదలుపెట్టి 3,550 మెట్లు ఎక్కుతారు. శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఇంట్లో లిఫ్టు ఆగిపోతే రెండో అంతస్తుకి గొణుక్కుంటూ ఎక్కే మనుషులే. భక్తి ఉంది నిజమే. కానీ భక్తి ఒక్కటే కాదండీ, దారిని చూడండి. చాలా దూరం పైన కప్పు, అక్కడక్కడ మంచినీళ్లు, మరుగుదొడ్లు, కూలబడటానికి చోట్లు. పక్కనే మీలాగే రొప్పుతున్న మనిషి. మోకాళ్ల పర్వతం దగ్గర మా పెద్దమ్మ ప్రతి పది మెట్లకీ కూర్చునేది, పైకి చేరేది. ఆవిడకి డెబ్బై రెండు.

కాలనీ సెక్రటరీ · 5:15

మెషిన్ల గురించి అడగడానికొచ్చి ఎక్కడికో వెళ్లిపోయాను. అయితే మీ అందరి మాటా ఏంటి, జిమ్ వద్దంటారా? కౌన్సిలర్ గారికి ఏం చెప్పను? ఆ డబ్బు వెనక్కిపోతే కాలనీలో నన్ను నంజుకు తింటారు.

ఇంజినీర్ బాబాయి · 7:30

రిటైరైన మున్సిపల్ ఇంజినీరుని బాబూ. ఇలాంటి ఎస్టిమేట్లు చాలా రాశాను, కాబట్టి ఎవరినీ తిట్టే హక్కు నాకు లేదు. ఓపెన్ జిమ్ ఎందుకు వస్తుందో చెబుతాను. అది ఒక వస్తువు. లెక్క తేలిక, బిల్లు తేలిక, రిబ్బన్ కట్టడానికి వీలు. లైటు బాగుచేయిస్తే రిబ్బను ఎక్కడ కడతారు? గేటు గంటన్నర ఎక్కువ తెరిస్తే దానికి ఎస్టిమేటే ఉండదు. వాచ్‌మన్ జీతం ప్రతి నెలా పడేది, మెషిన్ ఒక్కసారి కొనేది, అందుకే మెషిన్ వైపే మొగ్గుతారు. రెండేళ్లకి బేరింగులు పోతాయి. అప్పుడు బాగుచేయడానికి పద్దు ఉండదు.

డబ్బు వెనక్కి పంపొద్దు. పని పేరు మార్పించు. "ఓపెన్ జిమ్ ఏర్పాటు" బదులు "పార్కు అభివృద్ధి, నడకదారి సౌకర్యాలు" అని సంఘం తీర్మానం చేసి, సంతకాలతో ఇవ్వండి. అందులో నాలుగు మెషిన్లు ఉంచండి, రిబ్బనుకి. మిగతాది బెంచీలు, లైట్లు, బాత్రూం, వీధి పక్క బాట. ఫుట్‌పాత్‌కి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వేసిన 103వ నంబరు మార్గదర్శకాలున్నాయి. అడ్డం లేని నడకబాట కనీసం 1.8 మీటర్లు, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. మా రోజుల్లో అడుగెత్తు కట్టేవాళ్లం, బండ్లు ఎక్కకూడదని. ముసలివాళ్లు కూడా ఎక్కలేదు. 2025 మేలో సుప్రీంకోర్టు కూడా ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం అధికరణ 21 (జీవించే హక్కు) కిందికి వస్తుందంది. దరఖాస్తులో ఆ వాక్యం రాయి, బాగా పనిచేస్తుంది.

దానికంటే ముందు ఒక పని. వారం రోజులు గేటు దగ్గర కూర్చుని ఎవరొస్తున్నారో లెక్కపెట్టు. మగ, ఆడ, పిల్లలు, ముసలివాళ్లు. మా డిపార్టుమెంటులో అందరూ మాట్లాడతారు గానీ అంకె పట్టుకొచ్చినవాడి మాటే వింటారు.

తెల్ల కర్ర · 8:05

బాబాయి గారు చెప్పిన 1.8 మీటర్లు కాగితం మీద ఉంటుంది. నాకు చూపు లేదు, కర్రతో నడుస్తాను. మా ఇంటి నుంచి బస్టాపుకి ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, టీ బండి, రెండు బైకులు, వేలాడే ఫ్లెక్సీ తాడు. కర్ర నేల మీదవి పడుతుంది, మొహం ఎత్తులో ఉన్నవి పట్టదు. అందుకని రోడ్డు మీదే నడుస్తాను, హారన్లు వింటూ. మీరు ఏం కట్టినా సరే, బాట మీద మాత్రం ఏమీ పెట్టకండి. బెంచీ మంచిదే, బాట పక్కకి జరిపి పెట్టండి.

సింగపూర్ ఫ్లాట్ · 9:12

ఇక్కడి ప్రభుత్వ ఫ్లాట్లలో చాలావాటికి కింద అంతస్తు ఖాళీగా వదులుతారు. బ్లాకు నుంచి బ్లాకుకీ, బస్టాపుకీ పైకప్పు ఉన్న బాటలు. మన కోస్తాలాగే ఉక్కపోత, వాన ఎప్పుడొస్తుందో తెలీదు, అయినా ముసలివాళ్లు గొడుగు లేకుండా మార్కెట్టుకి వెళ్లి వస్తారు. మెషిన్లు కూడా ఉన్నాయి, కానీ పిల్లల జారుడుబల్ల పక్కనే. మనవణ్ణి ఆడించడానికి వచ్చిన తాత ఊరికే నిలబడలేక కాళ్లతో తోస్తుంటాడు. మీ నాలుగు మెషిన్లూ ఉయ్యాలల పక్కన వేయించండి.

సందు క్రికెట్ · 9:20

గడ్డి మాకు మిగుల్తది. అంకుల్‌కి థ్యాంక్స్.

కాలనీ సెక్రటరీ · తర్వాతి ఆదివారం, రాత్రి 8:45

లెక్కపెట్టాను. వారం రోజులు కూర్చోలేకపోయాను, నాలుగు రోజులు, అందులో రెండు పూటలు మా అబ్బాయి కూర్చున్నాడు. ఉదయం సగటున 64 మంది, అందులో ఆడవాళ్లు 15. యాభై దాటిన మగవాళ్లే ఎక్కువ. సగం మంది ఒక చుట్టు తిరిగి గేటు దగ్గర గోడ మీద కూర్చుని రాజకీయాలు. సాయంత్రం 38 మంది, ఆడవాళ్లు 20, వాళ్లు 6:15 దాటితే ఒక్కరూ లేరు. పన్నెండు నుంచి ఇరవై ఏళ్ల వాళ్లు నాలుగు రోజుల్లో మొత్తం ముగ్గురు. ఆ ముగ్గురినీ వాచ్‌మన్ బయటికి పంపేశాడు, బంతి ఉందని.

నాకు ఇది పదేళ్లుగా కళ్ల ముందే ఉంది. నేనూ ఆ గోడ మీద కూర్చునేవాడినే.

నైట్ డ్యూటీ · 9:02

6:15 ఎందుకో మీకు అర్థమైంది కదా? లైట్లు.

కాలనీ సెక్రటరీ · నెలన్నర తర్వాత, శుక్రవారం

ఎవరైనా ఇంకా చూస్తున్నారేమో అని రాస్తున్నాను. తీర్మానం మీటింగులో పెద్ద గొడవైంది. "జిమ్ వస్తుందంటే బెంచీలు అడుగుతావా, పెళ్లిలో బిర్యానీ వద్దని పెరుగన్నం అడిగినట్టు" అన్నారు ఒకాయన. అంకెలు చదివాను. ఆడవాళ్ల వైపు నుంచి ఒక టీచరు గారు లేచి బాత్రూం తాళం గురించి అడిగాక గొడవ సర్దుకుంది. ఆ తాళంచెవి రెండేళ్లుగా ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. పగలగొట్టారు. లోపల పాత సంఘం వాళ్ల ఫ్లెక్సీలు ఉన్నాయి.

ఇప్పటిదాకా అయినవి: పార్కు రాత్రి 8:45 దాకా తెరుస్తున్నారు. వాచ్‌మన్‌కి ఆ అదనపు వేళకి ఇంటికి 20 రూపాయలు వేసుకుంటున్నాం, పదకొండు ఇళ్లవాళ్లు ఇవ్వట్లేదు. వెనకవైపు రెండు లైట్లు వెలిగాయి, మూడోది మున్సిపాలిటీ వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. సాయంత్రం 5 నుంచి 6:30 దాకా గడ్డి పిల్లలది, రబ్బరు బంతి మాత్రమే. కిటికీ అద్దం పగిలితే సంఘం కట్టాలని రాసిచ్చాం, ఇప్పటికి ఒకటి పగిలింది, మాదే. మెషిన్లు నాలుగు వచ్చాయి. రిబ్బను కట్టారు.

కానివి: వీధి ఫుట్‌పాత్. ర్యాంపులు తీయమంటే ముందు సెక్రటరీది తీయమన్నారు. తీయించాను. ఇంకెవరూ తీయలేదు.

నిన్న రాత్రి 8కి లెక్కపెడితే ఆడవాళ్లు తొమ్మిది మంది ఉన్నారు. నర్సమ్మ గారికి చెప్పాలనిపించింది.

నైట్ డ్యూటీ · శుక్రవారం

చూశాను సార్.

ఫిజియో మేడం · శుక్రవారం

అమ్మగారు?

కాలనీ సెక్రటరీ · శుక్రవారం

బెంచీలు ఆరు వచ్చాయండీ. దాత గారు పేరు కనిపించాలని ఆరూ గేటు దగ్గరే వేయించబోయారు. బతిమాలి రెండు మాత్రం మా వీధిలోకి తెచ్చుకున్నాం, ఒకటి కిరాణా కొట్టు ముందు, ఒకటి వేపచెట్టు కింద. అమ్మ ఇంటి నుంచి కిరాణా కొట్టు బెంచీ దాకా వెళ్తోంది. అక్కడ ఎవరో ఒకరు దొరుకుతున్నారు, అరగంట కబుర్లు. వేపచెట్టు దాకా రెండుసార్లు వెళ్లింది. పార్కు ఇంకా చేరలేదు.

తెల్ల కర్ర · శుక్రవారం

చాలా సంతోషమండీ. ఆ వేపచెట్టు బెంచీ బాట పక్కకే ఉందా, బాట మీద వేశారా?

కాలనీ సెక్రటరీ · శుక్రవారం

ఒక్క నిమిషం ఉండండి. టేపు పట్టుకెళ్లి చూసొస్తాను.